లోవమ్మ పడవా, పోలయ్య దడీ

అనగనగా ఒక ఊరు. ఆ ఊరు అయిపోయాక చేలు, చేలు అయిపోయాక ఇసక, ఇసక కూడా అయిపోయాక ఏటిగట్టున ఒకే ఒక్క గుడిసె. ఆ గుడిసెలో లోవమ్మ అని ఒకావిడ ఉండేది.

కాళ్ళు దుప్పట్లోకి పెట్టుకో, దోమలు కుడతాయి. ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, ముందే చెప్తున్నాను. నీ మీద కాదులే. నువ్వు హాయిగా పడుకుని విను, కోపం సంగతి నేను చూసుకుంటాను.

లోవమ్మ వాళ్ళ నాన్న పడవలు కట్టేవాడు. ఆయన ఉలి అడిగితే ఉలి, సుత్తి అడిగితే సుత్తి చేతికందిస్తూ, లోవమ్మ చిన్నప్పుడే ఆ పనంతా కళ్ళతో నేర్చేసుకుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆడపిల్లకి పడవ కట్టడం ఎవరు నేర్పుతారమ్మా? అన్నం వార్చడం నేర్పుతారు.

ఆ తర్వాత పెళ్ళయింది. ఆ తర్వాత మొగుడు పోయాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నెత్తిమీద చేపల తట్ట పెట్టుకుని ఊరూరా తిరిగింది. మెడ నరాలు పట్టేశాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. అప్పుడొకరోజు తట్ట కింద పెట్టేసి, నాన్న వదిలిపోయిన చెక్కలన్నీ ఏరుకొచ్చి, తనే ఒక పడవ కట్టుకుంది.

చిన్న పడవ. ఒక మనిషీ, ఒక కుండా, ఒక పొయ్యీ పట్టేంత. దానికొక తెరచాప, ఒక తెడ్డు, లోతు చూసుకోవడానికీ నెట్టుకోవడానికీ ఒక గెడ, ఒక లంగరు. ఒక చెక్క టేకు, దాని పక్కది మద్ది, ఆ పక్కది మామిడి. చూసినవాళ్ళంతా నవ్వారు. నవ్వనీ. లోపలికి ఒక్క చుక్క నీరు వచ్చేది కాదు. ఆ పడవ తప్ప లోవమ్మకి నాది అని చెప్పుకోడానికి ఈ లోకంలో ఇంకేమీ లేదు.

అప్పుడు లోవమ్మకి ఒక కోరిక పుట్టింది. గోదారమ్మ ఏడు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుందని పెద్దవాళ్ళు చెప్తారు కదా. అలా కలిసేచోటుని మొగ అంటారు. ఆ ఏడు మొగలూ తన పడవ మీద, తనొక్కతే వెళ్ళి చూసిరావాలని.

ఇంక చూడు, ఊళ్ళో వాళ్ళు అడగడం మొదలుపెట్టారు.

"ఏంటే లోవమ్మా, మొక్కేమన్నా ఉందా?"

"మొక్కూ లేదు, ముడుపూ లేదు."

"మరి సుట్టాలున్నారా అటేపు?"

"లేరు."

"మరెందుకెల్తన్నావే?"

"ఊరికేనే. సూద్దారని."

ఆ మాట ఎవరికీ మింగుడుపడలేదు. మగాడు పనీపాటా మానేసి నెలరోజులు పడవేసుకుని తిరిగొస్తే, అబ్బో ఏరులన్నీ చూసొచ్చాడురా అంటారు. అరుగు మీద కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకుంటారు. అదే ఆడది వెళ్తే బుర్ర తిరిగిందంటారు. చూశావా, కథ ఇంకా ఏట్లోకి దిగనే లేదు, నాకు అప్పుడే ఒళ్ళు మండుతోంది.

సరే. లోవమ్మ వెళ్ళింది. పగలు తెరచాప ఎత్తుకుని ఒడ్డు వారనే పోయేది. పొద్దువాలేసరికి ఏదో ఒక కాలవలో దూరి లంగరేసేది. ఇసక పోసిన మూకుడులో నిప్పు రాజేసుకుని పీతల పులుసు పెట్టుకునేది. వేడి వేడి అన్నంలో పోసుకుని తినేది. తిన్నాక చుట్ట వెలిగించుకుని వెల్లకిలా పడుకుని ఆకాశం చూసేది. ఎవరికీ వడ్డించక్కర్లేదు. పులుసులో ఉప్పెక్కువైందని సణిగేవాళ్ళు లేరు. పుట్టి బుద్ధెరిగాక అంత హాయి ఎరగదు లోవమ్మ.

అలా ఒక్కో మొగా చూసుకుంటూ పోయింది. ఒకచోట నీళ్ళు పచ్చగా, ఒకచోట బురదగా, ఇంకోచోట గోదారి నీళ్ళూ సముద్రం నీళ్ళూ పక్కపక్కనే ఉండి కలవడానికి బెట్టు చేస్తున్నట్టుగా ఉండేవి. అలా అయిదు మొగలు చూసేసింది. ఆరో మొగకి వెళ్ళే దారిలో, ఒకరోజు పొద్దున్నే లేచేసరికి గాలి లేదు.

ఆకు కదలడం లేదు. కానీ సముద్రం మాత్రం కడుపులోంచి ఊగుతోంది. కెరటానికీ కెరటానికీ మధ్య చాలా ఎడం ఉంది. లోవమ్మ నొసలు ముడిపడింది.

అప్పుడు మడచెట్ల కేసి చూసింది. మడచెట్లంటే ఉప్పునీళ్ళ బురదలో వేళ్ళు పైకి పెట్టుకుని బతికే చెట్లు. బురదలో ఉండాల్సిన పీతలన్నీ ఆ చెట్ల మొదళ్ళు పట్టుకుని పైపైకి పాకుతున్నాయి.

ఆ తర్వాత ఆకాశం కేసి చూసింది. కొంగలు బారులు తీరి సముద్రం వైపు నుంచి లోపలికి పోతున్నాయి. పొద్దున్నే తిండి కోసం నీళ్ళ మీదికి రావాల్సిన కొంగలు, తిండి మానేసి ఎందుకు పోతున్నట్టు?

"ఓలమ్మో," అనుకుంది లోవమ్మ. "పొద్దుగూకే లోపలే గాలివాన వచ్చేత్తాది."

గాలివాన వేళ చిన్న పడవ బయట ఉండకూడదు. గాలి తగలని చోటు చూసుకుని కట్టేసుకోవాలి. లేకపోతే పడవా దక్కదు, మనిషీ దక్కదు. లోవమ్మ గబగబా లంగరెత్తింది. తెరచాపకి గాలి లేదు కాబట్టి తెడ్డు వేసుకుంటూ బయల్దేరింది.

కాసేపటికి ఒక రేవు కనపడింది. సిమెంటు గోడలు కట్టిన పెద్ద రేవు. లోపల ఇంజన్ల పడవలు ఆగి ఉన్నాయి. గోడ మీద కుర్చీ వేసుకుని రేవు గుమాస్తా కూర్చున్నాడు.

"బాబూ, గాలివాన వత్తంది. ఈ మూల నా పడవ కట్టుకుంటాను," అంది లోవమ్మ.

"పడవ ఎవరి పేర ఉంది?"

"నాదే బాబూ. నేనే కట్టుకున్నాను."

అతను పకపకా నవ్వాడు. "మగాళ్ళెవరైనా ఉంటే పంపించు, మాట్లాడతాను," అన్నాడు.

మగాళ్ళని ఎక్కణ్ణించి తెస్తుంది? పీతల పులుసులోంచి తీస్తుందా? ఆ రేవులో ఇంకా పది పడవలకి చోటుంది. ఈవిడ పడవ ఒక మూల నక్కి ఉంటే ఎవరి సొమ్మూ పోదు. అయినా సరే, కాలు మీద కాలు వేసుకుని వెళ్ళిపొమ్మన్నాడు. లోవమ్మ గట్టిగా ఒకటి అందామనుకుంది. పొద్దు పోతోందని నోరు మూసుకుని తెడ్డు వేసింది.

ఆ తర్వాత రొయ్యల చెరువుల కాలవ వచ్చింది. చుట్టూ కంచె, కాలవకి అడ్డంగా తూము, తూము మీద కాపలావాడు. లోవమ్మని చూడగానే చేతులు ఊపేశాడు.

"వద్దొద్దు, దగ్గరికి రాకు. నీ పడవ అడుగునున్న పాచి తగిలితే మా రొయ్యలకి తెగులొత్తాది."

"నేను తూము దాటనయ్యా. ఇలా బయటే కట్టుకుంటాను."

"ఆ బయట నీళ్ళేగా లోపలికొచ్చేది! మా దొర నన్ను సంపేత్తాడు."

"మరి నన్ను సముద్రం సంపేత్తాది కదయ్యా?"

అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. పోనీ, వాడూ కూలివాడే, వాడి భయం వాడిది. కానీ రొయ్యకి జ్వరం రాకూడదు, మనిషి మునిగినా ఫరవాలేదు అనే దొర ఉన్నాడే, వాణ్ణనాలి. వాడు ఆ పూట ఏ మేడలోనో ఫ్యాను కింద కూర్చుని ఉంటాడు. ఇలాంటివాళ్ళు మనకి ఎప్పుడూ కనపడరు.

మధ్యాహ్నం దాటింది. తూర్పున మబ్బు నల్లగా లేచింది. గాలి ఒక విసురు విసిరి ఆగుతోంది, మళ్ళీ విసురుతోంది. లోవమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి. అప్పుడు మూడో చోటు కనపడింది. అది పోలయ్య వాళ్ళ ఊరి కాలవ.

దాన్ని చూడగానే లోవమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఆ ఊళ్ళో తరతరాలుగా ఒక కట్టుబాటు ఉంది. గాలివాన వేళ ఏ పడవ వచ్చినా సరే, ముందు తాడు విసరాలి, పేరూ ఊరూ ఆ తర్వాతే అడగాలి. తట్ట మోసే రోజుల్లో ఈ సంగతి చాలామంది నోట విన్నది లోవమ్మ. ఎంత మంచి మనుషులో అనుకునేది కూడా.

ఆ కాలవకి అడ్డంగా ఒక దడి ఉంది. లోపలి చేపలు బయటికి పోకుండా, సరుగుడు వాసాలు దిగ్గొట్టి, వెదురు బద్దలు అల్లి కట్టిన దడి. దాని మధ్యలో పడవ పట్టేంత తలుపు. ఆ తలుపు దగ్గర పోలయ్య నలుగురు మనుషుల్ని వెంటేసుకుని నిలబడి ఉన్నాడు. ఆ ఊరికి పెద్దకాపు అతనే. పెద్దకాపంటే ఊరిపెద్ద. అతని కొడుకులు ముగ్గురూ తెల్లారగట్లే మూడు పడవలేసుకుని సముద్రం మీదికి పోయారు. గాలివానకి ముందు చేపలు గుట్టలుగా పడతాయని ఆశ. వద్దురా అని చెప్పాల్సిన పెద్దమనిషే వెళ్ళండిరా అని పంపించాడు.

"పెద్దకాపుగారూ, తలుపు తియ్యండి బాబూ. గాలివాన వచ్చేత్తంది," అని అరిచింది లోవమ్మ.

పోలయ్య పడవలోకి తొంగి చూశాడు. "ఇంకెవరూ లేరా నీతో?"

"లేరండి."

"ఆడదొక్కతే ఎక్కిన పడవ మా కాలవలోకి రాకూడదు. గంగమ్మకి కోపమొత్తాది. నా కొడుకులు ముగ్గురూ నీళ్ళ మీదున్నారు."

"మరి మీ కట్టుబాటో? ముందు తాడు, తర్వాతే పేరు అని?"

"అది మగోళ్ళు పెట్టుకున్నది. మగోళ్ళకి."

విన్నావా ఆ మాట? గంగమ్మ ఆడదే కదా! ఆవిడ మీద తిరుగుతారు, ఆవిడ పెట్టింది తింటారు, ఆవిడకి దణ్ణాలు పెడతారు. ఆవిడ ఒడిలోకి ఇంకో ఆడది వస్తే మాత్రం ఆవిడకి కోపం వస్తుందట. ఆవిడ వచ్చి వీళ్ళ చెవిలో చెప్పిందా?

పోనీ అంతటితో ఆగాడా? ఆ తలుపుకి ఎప్పుడూ ఒక్కటే ఉచ్చుముడి వేస్తారు. బయటినుంచి లాగినా ఊడొచ్చేస్తుంది. లోవమ్మ లాగేసుకుని లోపలికి వస్తుందేమోనని, పోలయ్య కొత్త కొబ్బరితాళ్ళు తెప్పించాడు. తలుపుకి పైనొకటి, నడిమినొకటి, అడుగునొకటి, మూడుచోట్ల బిర్రుగా ముళ్ళు వేయించాడు. ఎండు కొబ్బరితాడు నానితే ఉబ్బి బిగుసుకుపోతుంది. కత్తి పెట్టి కోస్తే తప్ప రాదు. ఆ సంగతి ఆ ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు, పోలయ్యకి తెలియదా? కానీ ఆ పూట అతని బుర్రలో లోవమ్మని ఆపడం తప్ప ఇంకో ఆలోచన లేదు.

లోవమ్మకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అరికాలి నుంచి నెత్తికెక్కింది.

"సరేనయ్యా. ఆ గంగమ్మతో నేనే మాట్టాడుకుంటాను," అని పడవ తిప్పేసింది.

అప్పుడు తెడ్డు వేసింది చూడు! ఒక తెడ్డు రేవు గుమాస్తాని తిడుతూ, ఒక తెడ్డు కనపడని ఆ దొరని తిడుతూ, రెండు తెడ్లు పోలయ్యని తిడుతూ. అంతవరకూ బొబ్బలెక్కి లేవని చేతులు ఆ కోపంతో చకచకా లేచాయి. కోపం చెడ్డదని మీ బళ్ళో చెప్తారు కాబోలు. ఆ పూట లోవమ్మని బతికించింది అదే.

అలా తిడుతూ తిడుతూ, పోలయ్య కాలవ పక్కనున్న ఇసకదిబ్బ చుట్టూ తిరిగింది. అప్పుడు మళ్ళీ కొంగలు కనపడ్డాయి. మడచెట్ల మధ్య ఒకేచోట గుంపుగా దిగుతున్నాయి. ఇవి ఇక్కడెందుకు దిగుతున్నాయి అని దగ్గరికి పోయి చూస్తే, చెట్ల మధ్య ఒక చీలిక. పడవ కంటే కొంచెం వెడల్పు, అంతే. గెడ దింపి చూసింది. నడుములోతు నీళ్ళు, అడుగున మెత్తని బురద, రాయీ రప్పా లేదు. గాలి వచ్చే వైపు చెట్లు దట్టంగా ఉన్నాయి.

"ఎవర్నీ అడగక్కర్లేని సోటు ఇది," అనుకుని లోపలికి నెట్టుకుంది.

ముందు తెరచాపా, దాని కొయ్యా దింపేసి పడవలో పడుకోబెట్టింది. ఆ తర్వాత నాలుగు మూలలకీ నాలుగు తాళ్ళు కట్టి నాలుగు చెట్ల మొదళ్ళకి వేసింది. బిగించలేదు. నీళ్ళు లేచినప్పుడు పడవా లేవాలి కదా, బిగించేస్తే అక్కడే మునుగుతుంది. ఆ తర్వాత అటుకుల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెట్ల సందులోంచి, దిబ్బకి అవతల కూతవేటు దూరంలో పోలయ్య దడి కనపడుతూనే ఉంది.

ఇంకా వెలుగుండగానే గాలివాన వచ్చేసింది. వాన చినుకులు కావవి, చెంపదెబ్బలు. మడచెట్లు వంగి వంగి లేస్తున్నాయి. పడవ ఊగుతోంది, కానీ తాళ్ళు నిలిచాయి. లోవమ్మ గుప్పెడు అటుకులు నోట్లో వేసుకుంది.

అప్పుడు కనపడ్డాయి, సముద్రం మీదినుంచి వస్తున్న మూడు పడవలు. పోలయ్య కొడుకులవి.

ఒడ్డున పోలయ్య మనుషులు తలుపు దగ్గరికి పరిగెత్తారు. పై ముడి కోశారు. నడిమి ముడి కోశారు. అడుగు ముడి నీళ్ళు లేచి మునిగిపోయింది. కత్తి పట్టుకుని దిగినవాణ్ణి కెరటం విసిరి గట్టున పడేసింది. కొట్టుకొచ్చిన కొమ్మలూ దుంగలూ వచ్చి తలుపుకి ఆనుకున్నాయి. ఇంక ఆ తలుపు రాదు. పడవలు దడి మీదికి వస్తే వాసాలు గుచ్చుకుని చీలిపోతాయి. వెనక్కి పోదామంటే సముద్రం మింగేస్తుంది. మూడు పడవలూ దడి ముందు గిరగిరా తిరుగుతున్నాయి. గట్టు మీద పోలయ్య గుండెలు బాదుకుంటున్నాడు.

ఇప్పుడు చెప్పు. నువ్వైతే ఏం చేస్తావు?

తెలియదా? లోవమ్మకీ తెలియలేదు. ముందు మాత్రం బాగా తిట్టింది. "పడండిరా, అలాగే కావాల మీకు! ఏసుకోండి ముళ్ళు!" అని గొంతు చించుకుని అరిచింది. గాలిలో ఎవరికీ వినపడలేదు, అయినా అరిచింది.

నీళ్ళు లేచి ఆ చీలిక కాస్త వెడల్పయింది, అయినా హాయిగా పట్టేది ఒక్క పడవే. ఇంకో మూడు వచ్చి దూరితే, చిన్నది కాబట్టి మొదట నలిగేది లోవమ్మ పడవే. అది పోతే ఆవిడ మళ్ళీ తట్ట ఎత్తుకోవాలి. మిగిలిన రెండు మొగలూ చూడలేదు. ఊరుకుని కూర్చుంటే ఎవరూ ఒక్క మాట అనరు, అసలు ఆవిడ అక్కడున్నట్టే ఎవరికీ తెలియదు.

లోవమ్మ అటుకుల మూట పక్కన పెట్టి లేచింది. కోపం తగ్గిందనుకున్నావేమో, ఏమీ తగ్గలేదు. పళ్ళు పటపటా కొరుకుతూనే లేచింది. కప్పుకునే ఎర్ర దుప్పటి గెడకి కట్టి, మడచెట్టు ఎక్కి, గాలిలో అటూ ఇటూ ఊపింది.

మొదటి పడవ చూసింది. ఇటు తిరిగింది. లోవమ్మ చెట్టు దిగొచ్చి లంగరు తాడు విసిరింది. "పట్టుకో సన్నాసీ!" అంది. లోపలికి లాగి చెట్టుకి కట్టింది.

ఆ తర్వాత రెండో పడవ వచ్చింది. తెరచాప తాడు విసిరింది. అదీ వచ్చి ఇరుక్కుంది.

ఆ తర్వాత మూడోది, చిన్నకొడుకు సింహాద్రిది. అతని తెడ్డు విరిగిపోయింది, పడవలో సగం నీళ్ళు. ఇటు రాలేక పక్కకి కొట్టుకుపోతున్నాడు. లోవమ్మ దగ్గర ఇంక తాడు లేదు. తన పడవ కట్టుకున్న ఆ నాలుగు తాళ్ళే ఉన్నాయి.

లోవమ్మ ఒక్క క్షణం తన పడవ కేసి చూసింది. అప్పుడు దాని తాళ్ళలో పొడుగుది విప్పేసి సింహాద్రి మీదికి విసిరింది. అతను అందుకున్నాడు. అన్నలిద్దరూ, లోవమ్మా కలిసి లాగారు. పడవ లోపలికి వచ్చింది. వస్తూ వస్తూ, మూడు తాళ్ళ మీద వేలాడుతున్న లోవమ్మ పడవని చెట్టుకేసి నొక్కేసింది. ఫెళ్ళుమని మామిడిచెక్క పగిలింది.

ఆ చప్పుడు విని ఆవిడ పెట్టిన కేక గాలివానని కూడా దాటి వినపడిందట.

ఎర్ర దుప్పటి ఆ పగుల్లో కుక్కి, దానికి వీపు ఆన్చి కూర్చుంది. సింహాద్రి కుండతో నీళ్ళు తోడి పోస్తున్నాడు. గాలి తగ్గేవరకూ ఆవిడ అక్కణ్ణించి లేవలేదు. ఊరికే కూర్చుందనుకున్నావా? ఒకటే ప్రశ్నలు.

"ఏ ఊర్రా మీది? ఎవరి పేర ఉన్నాయి ఈ పడవలు? వీటి అడుగున పాచేమన్నా ఉందా? ఎందుకెల్లారు సముద్రం మీదికి, మొక్కుందా? మీతో మగోళ్ళెవరన్నా ఉన్నారా, మాట్టాడతాను!"

ముగ్గురూ తలలు దించుకుని నీళ్ళు తోడడంలో పడ్డారు.

తెల్లారేసరికి గాలి వెళ్ళిపోయింది. దిబ్బ దాటుకుని పోలయ్య వచ్చాడు, వెనకాల ఊరు ఊరంతా వచ్చింది. కొడుకులు ముగ్గురూ బతికి ఉండడం చూశాడు. బావురుమన్నాడు. ఎవరినో పంపి పసుపూ, కుంకుమా, కొబ్బరికాయా తెప్పించాడు. బురదలో లోవమ్మ ముందు సాష్టాంగపడిపోయాడు.

"అమ్మా గంగమ్మ తల్లీ! నా బిడ్డల్ని కాపాడ్డానికి ఈ రూపంలో వచ్చావా తల్లీ!" అన్నాడు. వెనకాల ఆడవాళ్ళంతా దణ్ణాలు పెట్టేశారు. ఒకావిడ పళ్ళెం పట్టుకుని పసుపు రాయబోయింది.

అప్పుడు వచ్చింది లోవమ్మకి అసలు కోపం. ముందు రోజుదంతా దీని ముందు ఒక లెక్కలోది కాదు.

"సెయ్యి తియ్," అంది ఆ పసుపావిడతో. తర్వాత పోలయ్యతో, "లేవయ్యా పోలయ్యా, లే. నేను గంగమ్మనైతే నిన్న మజ్జానం ఏ రూపంలో వచ్చాను నీ తలుపు కాడికి? ఈ రూపం కాదా? ఈ సీర కాదా? ఈ పడవ కాదా?" అంది.

పోలయ్య బురదలోంచి తల ఎత్తాడు.

"నేను మడిసిని. లోవమ్మంటారు నన్ను. మడిసినై వచ్చి అడిగితే మూడు ముళ్ళేయించావు. ఇప్పుడు దేవతని సేసి కాయ కొట్టేత్తే, దేవతని గుర్తుపట్టలేదని సెప్పుకోవచ్చనా? మడిసిని పొమ్మన్నానన్న మాట మాసిపోద్దనా? నాకు పసుపొద్దు. కాయొద్దు. మడిసికి తలుపు తియ్యలేదని నీ నోటితో సెప్పు. మీ ఊరు ఇనాల."

పెద్దకాపుని అంత మాట అన్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. పోలయ్య కొడుకుల కేసి చూశాడు. చిన్నకొడుకు సింహాద్రి, "సెప్పు నాన్నా," అన్నాడు.

పోలయ్య లేచి నిలబడ్డాడు. గడ్డం బురద, కళ్ళు నీళ్ళు. "మడిసికి తలుపు తియ్యలేదు నేను," అన్నాడు.

"ఇనపళ్ళేదు," అంది లోవమ్మ.

"మడిసికి తలుపు తియ్యలేదు!" అని అరిచాడు పోలయ్య.

ఆ తర్వాత ఊరంతా వెళ్ళి ఆ తలుపు పీకేశారు. దడి వాసాలు ఒక్కొక్కటే ఊడదీసి గట్టున పడేశారు. ఎండాక అవి ఇంటింటా పొయ్యిలోకి పోయాయి. లోవమ్మ ఒక మంచి చెక్క అడిగి తీసుకుంది. పగిలినచోట తనే బిగించుకుంది, వాళ్ళెవరినీ పడవ ముట్టుకోనివ్వలేదు. ఆ ఊరి అన్నం మాత్రం తిన్నది, ఆకలేసింది మరి. అప్పుడు తెరచాప ఎత్తుకుని ఆరో మొగకి వెళ్ళిపోయింది. దాని తర్వాత ఏడోది కూడా చూసిందట.

ఇంతేనా అంటావేమో. ఇంతే అయితే నాకు ఇంత కోపం ఎందుకు? ఇప్పుడు నువ్వు ఆ ఊరెళ్ళి అడుగు, ఏం చెప్తారో. ఎర్రచీర కట్టుకుని గంగమ్మ తల్లే పడవ మీద వచ్చి మా పడవల్ని ఒడ్డుకి చేర్చింది అంటారు. ఆ మడచెట్ల దగ్గర ఒక రాయి పాతి పసుపు రాశారు. ఏటా కాయలు కొడతారు. లోవమ్మ పేరు ఒక్కడికీ తెలియదు. తలుపు మేమే కట్టేశాం అని ఒక్కడూ అనడు. వద్దు వద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా, ఆవిడ అటు వెళ్ళగానే దేవతని చేసేశారు.

ఆవిడ మనిషే. చుట్ట కాల్చేది. గురక పెట్టేది. బూతులు కూడా తిట్టేది, అవి నువ్వు పెద్దయ్యాక చెప్తాను.

నాకెలా తెలుసంటావా? ఆ పోలయ్య మా తాత. మూడో పడవలో వచ్చిన సింహాద్రి మా నాన్న. అప్పటికి ఆయనకి పెళ్ళి కూడా కాలేదు. ఆ పూట లోవమ్మ తన పడవ తాడు విప్పి విసరకపోతే మా నాన్న లేడు. నేను లేను. మీ అమ్మ లేదు. ఈ మంచం మీద నా చెయ్యి మెలిపెడుతూ పడుకున్న నువ్వూ లేవు.

తలుపు కట్టింది మనమేనమ్మా అని మా నాన్న నాకు దాచకుండా చెప్పాడు. నేను నీకు చెప్పాను. నువ్వు చెప్పేటప్పుడు కూడా ఆ మాట మింగెయ్యకు.

ఇంక కళ్ళు మూసుకో.

గాలి పోయె అడవికి,
దడి పోయె పొయ్యికి,
పడవ పోయె మొగకి,
పాపం మన వాకిటికి;
కోపమేమో నా ముక్కుకి,
కునుకేమో నీ కంటికి,
కథ నడిచె కంచికి,
మనం చేరాం మంచానికి.